ఫోను చెప్పిందే చట్టమా?



మొన్న ఒక ఊళ్లో మన సంఘం కూర్చుంది. కూలి డబ్బులు అడిగినందుకు ఒక అక్కను ఆసామి బజార్లో పదిమంది ముందు కులం పేరు పెట్టి తిట్టాడు. స్టేషనుకు పోవాలి, దరఖాస్తు రాయాలి. డిగ్రీ చదివే తమ్ముడొకడు "ఉండండన్నా, గూగుల్లో చూసి చెప్తా" అని ఫోను తీశాడు.

ఎస్సీ ఎస్టీ యాక్టు అని కొట్టాడు. వచ్చిందేమిటి? తప్పుడు అట్రాసిటీ కేసు పెడితే ఏం చేయాలి, ముందస్తు బెయిలు ఎట్లా తెచ్చుకోవాలి, హైకోర్టులో కేసు ఎట్లా కొట్టేయించుకోవాలి. ఇంకాస్త కిందికి పోతే, డీఎస్పీ ప్రాథమిక విచారణ అయిందాకా కేసు కట్టకూడదని సుప్రీంకోర్టు చెప్పిందని ఒక పేజీ. తమ్ముడు చిన్నబోయి "ముందు ఎంక్వయిరీ జరగాలంటన్నా" అన్నాడు. తిట్లు తిన్న అక్క కొంగు దులుపుకుని లేచింది. "ఇంకెందుకు, ఇంటికి పోదాం పదండి" అంది.

ఇది చిన్న సంగతి కాదు. స్టేషను గడప తొక్కకముందే ఆ అక్క కేసు ఓడిపోయింది. ఓడించింది ఎస్ఐ కాదు, ఆసామి కాదు. మన తమ్ముడి చేతిలో ఉన్న ఫోను.

ఆ ఫోను చెప్పింది పచ్చి అబద్ధమా అంటే, కాదు. ఒకప్పటి నిజం. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్లాంటి తీర్పే ఇచ్చింది. ముందు విచారణ, అరెస్టుకు పైఅధికారి అనుమతి అని అడ్డుగోడలు కట్టింది. దాని మీద దేశమంతా దళితులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, మన బిడ్డలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు చట్టాన్ని సవరించి 18ఎ అనే సెక్షను చేర్చింది. కేసు కట్టడానికి ముందు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఎ చెల్లుతుందని తీర్పు చెప్పింది. రక్తం ధారపోసి గెలుచుకున్న హక్కు ఇది. అయినా 2018లో రాసిన పేజీలు ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటిని తుడిచేసేవాడు లేడు. గెలిచిన మనమే ఆ పాత పేజీ చదివి ఇంటికి తిరిగి పోతున్నాం.

ఎందుకిట్లా అయింది? గూగుల్ కు కులముందా అని తమ్ముడు అడిగాడు. యంత్రానికి కులం లేదు. కానీ యంత్రం తినే తిండికి కులముంది.

అది పనిచేసే తీరు ఒకసారి చూడండి. 1998లో ఇద్దరు అమెరికా విద్యార్థులు గూగుల్ పెట్టినప్పుడు వాళ్ల మూల సూత్రం ఇది: ఒక పేజీని ఎన్ని వేరే పేజీలు చూపిస్తున్నాయి, చూపించే పేజీలకు ఎంత పలుకుబడి ఉంది అని లెక్క వేసి, లెక్క ఎక్కువొచ్చినదాన్ని పైన పెట్టడం. తర్వాత ఎన్నో లెక్కలు కలిశాయి గానీ ఆ బుద్ధి పోలేదు. మన ఊళ్లో పెద్దమనిషిని నిర్ణయించేది ఇట్లాగే గదా! నలుగురు పెద్దమనుషులు ఎవరి పేరు చెబితే వాడే ఐదో పెద్దమనిషి. వాడోడి పేరు చెప్పేదెవరు?

ఇంకో సంగతి. అట్రాసిటీ చట్టం గురించి ఆ పేజీలు రాసేదెవరు? ఎక్కువ మంది వకీళ్లు, వకీళ్ల కంపెనీలు. ఫీజిచ్చే కక్షిదారు వస్తాడని రాస్తారు. ఈ కేసుల్లో ఫీజిచ్చేదెవరు? బాధితుల తరపున వాదించేది సర్కారు జీతమిచ్చే పబ్లిక్ ప్రాసిక్యూటరు. సొంత డబ్బు పెట్టి వకీలును వెతుక్కునేది ముద్దాయి. అందుకని పేజీలన్నీ ముద్దాయి కోసం పుట్టాయి. కుట్ర చేయాల్సిన పని కూడా లేదు. డబ్బున్న వైపుకు రాత వంగింది, రాత ఉన్న వైపుకు యంత్రం వంగింది.

ఇది మన ఒక్కరి గోడు కూడా కాదు. అమెరికాలో సఫియా నోబుల్ అనే నల్లజాతి ఆచార్యురాలు ఇదే సంగతి మీద 2018లో ఒక పుస్తకం వేశారు. నల్లజాతి ఆడపిల్లలు అని గూగుల్లో వెతికితే బూతు పేజీలు ముందుకొచ్చేవని ఆమె రుజువులతో చూపించారు. ఆమె గ్రంథాలయ, సమాచార శాస్త్రం చదువుకున్న మనిషి. పుస్తకాలు ఏ వరసలో పెట్టాలో నేర్చుకున్నది కాబట్టే, ఈ వరసలో ఎవరిని కింద పెట్టారో కనిపెట్టగలిగింది.

అట్లాగని ఫోను నేలకేసి కొట్టమని నేను అనను. చదువు మనకు దక్కనివ్వలేదని వందల ఏళ్లుగా పోరాడుతున్నవాళ్లం, దొరికిన తలుపును మనమే మూసుకుంటామా? నేను చెప్పేది ఒకటే. ఫోనును జవాబు అడగొద్దు. కాయితం అడగండి. జవాబు ఎవడో వాడి లాభం కోసం రాసింది. కాయితం రాజ్యం మనకు బాకీ ఉన్నది.

ఆ రోజు మేము అదే చేశాం. ఇండియా కోడ్ అని కేంద్ర ప్రభుత్వ చట్టాల వెబ్‌సైటు ఉంది. అందులో 1989 నాటి అట్రాసిటీ చట్టం, సవరణలతో సహా, ఉచితంగా దొరుకుతుంది. 18ఎ తీసి అందరికీ తెలుగులో చదివి చెప్పాం. మనవాళ్లు మూడు ఒకటి టెన్ అని నోటికి నేర్చుకున్న పాత సెక్షను 2016 జనవరి 26 నుంచి 3(1)(ఆర్), 3(1)(ఎస్) అయింది. పాత పేజీ చూసి రాస్తే పాత నెంబరే పడుతుంది. 1995 నాటి రూల్సు, వాటికి 2016లో వేసిన పరిహారం పట్టిక కూడా తీశాం. ఆ పట్టిక ప్రకారం కులం పేరుతో తిట్టిన కేసుకు లక్ష రూపాయలు. ఎఫ్ఐఆర్ దగ్గర పావు వంతు, చార్జిషీటు కోర్టుకు పోయినప్పుడు సగం, శిక్ష పడ్డాక మిగతా పావు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి, చార్జిషీటుకు గడువు 60 రోజులు. అక్క మళ్లీ కూర్చుంది. దరఖాస్తు రాశాం.

ఒకే ఫోను. ఒక వెతుకులాట ఆమెను ఇంటికి పంపింది. ఇంకొకటి స్టేషనుకు పంపింది.

తీర్పులు కావాలంటే ఇండియన్ కానూన్ లో డబ్బు కట్టకుండా చదవొచ్చు. మన కేసు ఏ వాయిదాలో ఉందో ఈ-కోర్ట్స్ లో చూడొచ్చు. దానికి సీఎన్ఆర్ అని 16 అక్షరాల నెంబరు కావాలి. ఆ నెంబరు వకీలు గుమస్తా దగ్గర కాదు, బాధితుడి జేబులో ఉండాలి. పేరుతో వెతికితే దొరకడం కష్టం, ఎందుకంటే మన పేర్లను ఇంగ్లీషులో ఎవడికి తోచినట్టు వాడు రాశాడు. ఏసుదాసు ఒక కాయితంలో వై తో మొదలైతే ఇంకో కాయితంలో జె తో మొదలవుతాడు. నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. ఈమధ్య ఫోన్లో కొత్తగా జవాబు చెప్పే ఏఐ యంత్రాలు వచ్చాయి. అవి లేని తీర్పును ఉన్నట్టు అల్లి చెబుతాయి. 2023లో న్యూయార్కులో ఇట్లా యంత్రం పుట్టించిన తీర్పులను కోర్టులో వేసిన వకీళ్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. వకీళ్లే మోసపోయారంటే మన తమ్ముళ్లు ఎంత? తీర్పు పేరు చెబితే సరిపోదు, తీర్పు తెరిచి చూడాలి. తేదీ చూడాలి. దాని తర్వాత ఇంకో తీర్పు వచ్చిందా చూడాలి.

పెద్ద వకీళ్ల ఆఫీసుల్లో, కంపెనీల్లో ఈ పనికి జీతగాళ్లుంటారు. మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ లాంటి సరుకు డబ్బు కట్టి కొనుక్కుంటారు. ఆసామి పట్నంలో పెట్టుకున్న వకీలు వెనక ఆ బలగముంది. మన వెనక ఎవరున్నారు? ఒకప్పుడు బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాసి కార్యకర్తల చేతిలో పెట్టారు. చట్టాన్ని వెతికి, ఏరి, మన భాషలో పెట్టడం ఉద్యమం పనే అని ఆయన ఆనాడే చూపించారు. ఇవ్వాళ ఆ పని గూగుల్ కు వదిలేసి మనం చేతులు కట్టుకున్నాం.

వెతికేది ఎంత నేర్చుకున్నా, పెట్టనిది దొరకదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను పాత పద్ధతిలో వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. మళ్లీ మొదలయింది 2024లో. ఆ మధ్య కాలంలో ఎంత గొప్ప సెర్చి ఇంజన్ అయినా ఏం చేస్తుంది? పెట్టిన జీవోల్లో కూడా తెలుగువి చాలా భాగం ఫోటో తీసినట్టు బొమ్మగా ఎక్కిస్తారు. బొమ్మలో మాటను యంత్రం సరిగ్గా పట్టుకోదు. తెలంగాణలో భూమి రికార్డులకు 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని బదులు భూభారతి వచ్చింది. అసైన్డ్ పట్టా ఉన్న ప్రతి ఇంటివాళ్లూ తమ సర్వే నెంబరు వెతికి, తేదీతో ప్రింటు తీసి దాచుకోకపోతే, రేపు పేరు మారిన రోజున నిన్న ఏముందో ఎవరు చెప్పాలి?

ఇక మన చరిత్ర. కారంచేడు అని కొట్టండి. 1985 జూలై 17 వస్తుంది, ఆరుగురు వస్తారు, 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు వస్తుంది. చుండూరు అని కొట్టండి. 1991 ఆగస్టు 6 వస్తుంది, ఎనిమిది మంది వస్తారు, 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసిన తీర్పు వస్తాయి. చీరాల శిబిరంలో మన తల్లులు ఏం మాట్లాడారో ఎంత వస్తుంది? ఆ రోజుల్లో అచ్చేసిన కరపత్రాలు ఎన్ని వస్తాయి? అవి మన ఇళ్లలో ఇనప పెట్టెల్లో చెదలు తింటున్నాయి. రాజ్యం రాసిందే దొరుకుతుంటే రేపటి పిల్లవాడు రాజ్యం చెప్పిందే చరిత్ర అనుకుంటాడు. తప్పు వాడిది కాదు, పెట్టె తెరవని మనది.

అందుకని నేను సంఘాలను అడిగేది మూడు పనులు.

ఒకటి, ప్రతి మండలంలో వెతికే పని తెలిసిన ఒక అక్కనో తమ్ముణ్నో తయారుచేయాలి. మన పిల్లల్లో లైబ్రరీ సైన్సు చదివి ఖాళీగా ఉన్నవాళ్లున్నారు. వాళ్ల చదువు ఉద్యమానికి కావాలి. పిలవండి.

రెండు, దొరకని కాయితాన్ని అడగాలి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షను 4 ప్రకారం ఆఫీసులు తమంతట తామే వివరాలు బయటపెట్టాలి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. ఆ మినిట్సు, పరిహారం అందినవాళ్ల లెక్కలు తెలుగులో, యంత్రం చదవగలిగే అక్షరాల్లో పెట్టమని ప్రతి జిల్లాలో దరఖాస్తు పడాలి. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

మూడు, పెట్టెలు తెరవాలి. కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, పత్రికల పాత సంచికలు స్కాను చేసి, తేదీ, ఊరు తెలుగులో టైపు చేసి, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి ఉచిత చోట పెట్టాలి. ఒక్క జాగ్రత్త. అత్యాచారానికి గురైన అక్కచెల్లెళ్ల పేర్లు, గుర్తులు బయట పెట్టకూడదు. అది నేరం, అంతకంటే ముందు అది వాళ్లకు ద్రోహం.

మహద్ చెరువు నీళ్లు అందరివీ అని కాయితం మీద ఉన్నా, 1927లో బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని పోయి దోసిలి ముంచిందాకా అవి మనవి కాలేదు. ఈ సమాచారం కూడా అంతే. మనం గుంపుగా పోవాలి, మనమే ముంచుకోవాలి, మన నీళ్లు కూడా అందులో పోయాలి.

జై భీమ్!