తోడుంటే సరిపోతుందా?

కోస్టారికా దేశంలో కరీబియన్ తీరాన టోర్టుగేరో అని ఓ చిన్న పల్లె. రోడ్డు లేదు. పడవలోనో చిన్న విమానంలోనో చేరాలి. 2018 ఆగస్టులో అక్కడ స్పెయిన్ నుంచి వచ్చిన యాత్రికురాలు హత్యకి గురైంది. ఆ రోజుల్లోనే అదే దేశపు మరో తీరంలో మెక్సికో అమ్మాయిని చంపేశారు.

'ఆడది ఒంటరిగా ఎందుకెళ్లాలి?' ముందు నాకూ అదే అనిపించింది. వివరాలు చదివాక నోట మాట రాలేదు. మొదటామె భర్తతో కలిసి వచ్చింది. రెండో అమ్మాయి పక్కన స్నేహితురాలుంది. మరి తోడు ఏం కాపాడినట్టు?

ఆ పల్లె తీరానికి రాత్రిళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకప్పుడు వాటిని విపరీతంగా వేటాడేవారు. 1975లో జాతీయ పార్కు వచ్చింది. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రిపూట గైడు లేకుండా ఎవరూ ఒడ్డుకి వెళ్లకూడదు. ఆంక్షలు మనిషికే, తాబేలుకి కాదు. ఒంటరిగా ఎందుకొచ్చావని దాన్నెవరూ అడగలేదు. మన విషయంలో మాత్రం ఆంక్షలన్నీ మనకే!

మా అక్క కూతురు ఒక్కతే ప్రయాణం పెట్టుకుంది. ఈసారి 'తోడెవరే?' అనలేదు. 'ఎక్కడ దిగుతున్నావో చెప్పు, చేరగానే ఫోన్ చెయ్యి' అన్నాను. జాగ్రత్త చెప్పడం వేరు, జరిగినదానికి తప్పు ఆమెదే అనడం వేరు కదూ!