పంచుకుంటే పెరిగే విద్య

2020లో కరోనా కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలు సెల్‌ఫోనులోకి ప్రవేశించాయి. అధ్యాపకులు వాట్సాప్ బృందాలలో నోట్సు పంపారు. విద్యార్థులు దానిని భద్రపరచుకున్నారు. అయితే నోట్సు చేతికి అందినంత మాత్రాన విద్య అబ్బదు. పుచ్చుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు.

సామాజిక మాధ్యమాల అసలు ప్రయోజనం కలిసి పనిచేయడంలో ఉంది. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఇందుకు చక్కని నిదర్శనం. తమ ప్రాంతంలోని కోటను గురించో, నదిని గురించో అందులో వ్యాసం రాయదలచిన విద్యార్థులు గ్రంథాలను పరిశీలించాలి, ఆధారాలు చూపాలి, విషయాన్ని సొంత మాటలలో చెప్పాలి. ఒకరి పొరపాటును మరొకరు సరిదిద్దవచ్చు. అభిప్రాయభేదాలను చర్చాపుటలో పరిష్కరించుకోవచ్చు. ఎవరు ఏ వాక్యం చేర్చారో, ఏది తొలగించారో ‘చరిత్ర’ పుటలో నమోదవుతుంది. కనుక ఒకరు శ్రమించగా తక్కినవారు మార్కులు పంచుకునే అవకాశం తక్కువ.

అయితే సొంత ఫోను లేని పేద విద్యార్థి వెనుకబడితే ఈ విధానం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇటువంటి పనికి మార్కులు కేటాయించే ముందు కళాశాల తన కంప్యూటర్ గదిని తరగతుల అనంతరం అందరికీ తెరచి ఉంచాలి. విద్యార్థుల రచనలను అధ్యాపకుడు ఓపికగా చదివి దోషాలను తెలియజెప్పాలి. యంత్రం గురువుకు సహాయకారి కాగలదే గాని గురువు కాజాలదు.