చిన్న కుక్క, చిక్కిన ఒళ్ళు

ఈ శీర్షికలో ఇంతవరకు యంత్రాలను గురించి, ఇంధనం పొదుపును గురించి చాలా సంగతులు ముచ్చటించుకున్నాం. ఈసారి నాలుగు కిలోలైనా తూగని ఒక కుక్కను గురించి చెప్పదలచాను. పాఠక మిత్రులు నవ్వుకోవచ్చు. అయితే మన క్వార్టర్లలో కుక్కలను పెంచుకొనే కుటుంబాలు తక్కువేమీ కావు. పైగా యంత్రం దగ్గర తప్పిన లెక్కను సరిచేసే క్రమమే ప్రాణి దగ్గర కూడా పనికి వస్తుందని ఈ మధ్య నాకు అనుభవమైంది.

మా అప్ప ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ వద్ద నివసిస్తోంది. స్టేషన్ నుండి ఐఐటీకి వెళ్ళే దారిలో ఉన్న పేట అది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు కొలువుల కోసం వెళ్ళి ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. మా బావగారి కుటుంబం కూడా అటువంటిదే. ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ చేశారు. గత సంవత్సరం కాలం చేశారు. ఆయన అల్లారుముద్దుగా పెంచిన కుక్క పేరు చిట్టి. మన వీధుల్లో పామరేనియన్ అని పిలిచే తెల్లని స్పిట్జ్ జాతిది. వయస్సు తొమ్మిదేళ్ళు.

సంవత్సరీకానికి వెళ్ళిన నేను, కర్మ ముగిసిన మరునాడు, చిట్టికి స్నానం చేయిస్తుండగా చూశాను. పొడిగా ఉన్నప్పుడు బొద్దుగా కనిపించే ఆ బొచ్చు తడిసేసరికి లోపల ఉన్నది ఎముకల గూడు మాత్రమేనని తేలింది. "మీ బావ పోయిన దగ్గర్నుంచి ఇంతేరా తమ్ముడూ! బెంగతో చిక్కిపోతోంది. మనిషికైతే నచ్చజెప్పగలం గాని, దానికేం చెబుతాం?" అన్నది మా అప్ప. ఇరుగుపొరుగు వారు కూడా ఆ మాటే అన్నారు. పక్కింటి బెంగాలీ గృహిణి జాలిపడి రోజూ సాయంత్రం గుప్పెడు మరమరాలు, రెండు బిస్కట్లు పెడుతోంది. అప్ప బజారులో ఎవరో చెప్పిన బలం మందు కూడా కొని పోసింది. ఫలితం లేదు.

బెంగ అన్న మాట వినడానికి ఎంతో ఆర్ద్రంగా ఉంటుంది. జంతువులకు దుఃఖం లేదని నేను అనను. అయితే కారణం దొరికిందని అనుకున్న చోట అన్వేషణ ఆగిపోతుంది. బాయిలర్‌లో ఆవిరి పీడనం పడిపోతే బొగ్గు ఇంకా వేయమని చెప్పేవాడు ఇంజనీరు కాడు. ఇంధనం కొలిమిలోకి చేరుతోందా, చేరినది సరిగా మండుతోందా, పుట్టిన ఆవిరి ఎక్కడైనా కారిపోతోందా అని వరుసగా చూస్తాడు. చిక్కిన కుక్క విషయంలోనూ అవే మూడు ప్రశ్నలు. ఆహారం కడుపులోకి వెళుతోందా? వెళ్ళినది ఒంటికి పడుతోందా? పడినది జ్వరం, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, కణితి వంటి వాటివల్ల వృథా అవుతోందా?

మొదటి ప్రశ్నకు జవాబు కోసం ఆ పూట గిన్నె దగ్గరే కూర్చున్నాను. చిట్టి అన్నం వాసన తగలగానే పరుగున వచ్చింది. ఒక ముద్ద నోట పెట్టుకొని, తల ఒక పక్కకు వాల్చి నమిలి, సగం కింద వదిలేసి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే తంతు. ఆకలి చచ్చిన ప్రాణి అలా పదేపదే గిన్నె చుట్టూ తిరగదు. దీనికి తినాలని ఉంది, తినలేకపోతోంది.

మరునాడు పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాం. ఆయన పెదవి ఎత్తి చూపించారు. పైదవడలో దంతాలపై గార రాయిలా పేరుకొని ఉంది. చిగుళ్ళు వాచాయి. ఒక పెద్ద దంతం కదులుతోంది. దాని మొదట చీము పట్టింది. చిన్న జాతి కుక్కలలో ఇరుకు దవడల్లో దంతాలు ఒత్తుగా ఉండటంచేత ఈ వ్యాధి ఎక్కువని వివరించారు. మలపరీక్షలో కొంకి పురుగుల గుడ్లు కనిపించాయి. పేగు గోడను పట్టుకొని రక్తం పీల్చే పురుగులవి. అంటే మొదటి ప్రశ్నలోనూ దోషం ఉంది, రెండవదానిలోనూ ఉంది. రక్తపరీక్షలో మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయని తేలాక మత్తు ఇచ్చి రెండు పళ్ళు తీశారు. పురుగులకు మందు ఇచ్చారు. బెంగ అని ఊరుకున్న ఆ సంవత్సరమంతా ఆ మూగజీవి పంటి నొప్పితో గడిపింది. ఈ మాట అప్పతో అనలేదు. ఆమెకు అప్పటికే అర్థమైంది.

ఇక బరువు పెంచే పని. పాత టీకా కార్డులో 5.0 కిలోలని ఉంది. ఇప్పుడు 3.8 మాత్రమే. దాదాపు నాలుగో వంతు పోయింది. ఇక్కడ మనవారికి ఉపయోగపడే ఒక లెక్క చెబుతాను. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో, ప్రాణుల శక్తి వ్యయం బరువుతో సమానంగా కాక, బరువు యొక్క మూడు బై నాలుగో ఘాతంతో పెరుగుతుందని చూపించాడు. దాని ఆధారంగా పశువైద్యులు, కిలోలలోని బరువును 0.75 ఘాతానికి హెచ్చించి, 70తో గుణించి, విశ్రాంతిలో రోజుకు కావలసిన కిలో కేలరీలను కడతారు. 40 కిలోల కుక్కకు ఇది సుమారు 1,113. అంటే కిలోకు 28. నాలుగు కిలోల కుక్కకు 198. అంటే కిలోకు దాదాపు 50. చిన్న కుక్కకు మొత్తం మీద కావలసింది కొద్దిపాటే అయినా కిలోకు కావలసింది ఎక్కువ. పొట్ట చిన్నది, నిల్వ తక్కువ. కనుక రెండు పూటలు తప్పినా త్వరగా నీరసిస్తుంది.

చిట్టికి ఈ లెక్కన 190 వచ్చింది. చాలాకాలం అరకొరగా తిన్న ప్రాణికి ఒక్కసారిగా విందు పెట్టరాదు. రక్తంలోని లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు. అందుచేత 190తో మొదలుపెట్టి, పది రోజుల్లో 300కు తెచ్చాం. 300 అంటే మెత్తగా ఉడికిన అన్నం 100 గ్రాములు, ఎముక తీసిన ఉడికిన కోడిమాంసం 60 గ్రాములు, ఒక ఉడికిన గుడ్డు. దీన్ని రోజుకు నాలుగు పూటలుగా పంచాం. ఇంటి వంటలో కాల్షియం, కొన్ని విటమిన్లు చాలవు గనుక, తరువాత వైద్యుని సలహాపై సగం తయారీ ఆహారాన్ని గోరువెచ్చని నీటిలో నానబెట్టి కలిపాం. నెయ్యి దిట్టంగా పోస్తే త్వరగా ఒళ్ళు చేస్తుందన్నది అపోహ. చిన్న కుక్కలకు అధిక కొవ్వు వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు ఎంత మాత్రం పెట్టరాదు.

కుక్క చిక్కినదా, సరిగా ఉన్నదా తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష. పిడికిలి బిగించి వేళ్ళ కణుపులపై రాసి చూడండి. పక్కటెముకలు అలా తగిలితే చిక్కినట్లు. చేయి చాచి వెనుక భాగాన్ని తడిమితే ఎలా ఉంటుందో అలా తగిలితే సరిగా ఉన్నట్లు. అరచేతి మెత్తదనమే తగిలితే కొవ్వెక్కినట్లు. బొచ్చు కుక్కలకు కంటిచూపు కంటే ఈ స్పర్శే నమ్మదగినది.

తూకం సంగతి చెప్పాలి. చిన్న కుక్క మిషన్ మీద నిలబడదు. అప్ప దానిని ఎత్తుకొని ఒకసారి, దించి ఒకసారి తూగాలి. తీసివేస్తే కుక్క బరువు వస్తుంది. ప్రతి ఆదివారం ఉదయం, ఆహారానికి ముందు, మూడేసిసార్లు తూచి అంకెలు ఫోనులో చెప్పమన్నాను. నేను విశాఖలో నోటు పుస్తకంలో మూడు గడులు గీసి రాసుకున్నాను. మొదటి వారం కలిపి 50.0, అప్ప 46.2, చిట్టి 3.8. నా చూపంతా మూడో గడి మీదే. నాలుగో ఆదివారానికి చిట్టి 4.1కి వచ్చింది. సంతోషంతో గ్రాఫు గీయబోతూ మొదటి గడి చూశాను. 49.0 అని ఉంది. కుక్క పెరిగితే మొత్తం తగ్గడమేమిటి? మధ్య గడిలో 44.9 ఉన్నది. నాలుగు వారాలుగా నా చేతితో నేనే రాసుకున్న అంకెలు అవి.

వెంటనే ఫోను చేశాను. "అప్పా, పొద్దున్న ఏం తిన్నావు?" అన్నాను. కొంచెం సేపు పలకలేదు. "ఒక్కదానికి ఏం వండుకోనురా? చిట్టికి వండుతున్నానుగా. రాత్రికి ఇన్ని మరమరాలు, ఇంత టీ," అన్నది. బెంగ ఆ ఇంట్లో ఉన్న మాట నిజమే. మేము దాన్ని వెదికిన చోటు వేరు.

మా మేనకోడలికి చెప్పి అప్పకు వైద్యపరీక్షలు చేయించాం. చక్కెర, థైరాయిడ్ దోషాలు లేవు. నేను ఆమెకు నచ్చజెప్పబోలేదు. చిట్టి గిన్నె నింపిన ప్రతిసారీ తన పళ్ళెంలో కూడా ఏదో ఒకటి వడ్డించుకోవాలని, ఆదివారం తూకంతో పాటు అది కూడా నాకు చెప్పాలని మాత్రం కోరాను. మొదట విసుక్కున్నది. తరువాత చెబుతోంది. కొన్ని పూటలు అబద్ధం చెబుతోందని నాకు తెలుసు. మిషన్ అబద్ధం చెప్పదు గనుక నేను వాదించను.

పన్నెండో ఆదివారం అంకెలు ఇవి: కలిపి 50.1, అప్ప 45.5, చిట్టి 4.6. ఇద్దరికీ ఇంకా కొంత దూరం ఉంది. చిట్టి ఇప్పుడు గిన్నె ఖాళీ చేసి, అప్ప పళ్ళెం దగ్గర కూర్చుంటున్నదట.

మిత్రులారా, మీ ఇంటి కుక్క చిక్కితే ముందు నోరు తెరిచి చూడండి, మలపరీక్ష చేయించండి, ఆ తరువాతే ఆహారం పెంచండి. వారం వారం తూచి రాసుకోండి. రాసుకున్న అన్ని గడులనూ చదవండి.