పాత సుమోనా, పాత బొలెరోనా?

పాత వాహనానికి ఋణం కోరే రైతు సోదరులారా, వాటిని విక్రయించే డీలర్లారా! టాటా సుమో, మహీంద్రా బొలెరోలలో ఏది నమ్మదగినదని మీరు తరచుగా అడుగుతుంటారు. రెండూ సమాన స్థితిలో, సమాన ధరకు లభిస్తే బొలెరోయే మేలని నా అభిప్రాయం.

దృఢత్వంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ ఛాసిస్ ఫ్రేముపై కట్టిన గట్టి బండ్లే. అయితే 1994లో వచ్చిన సుమో ఉత్పత్తి 2019లో నిలిచిపోయింది. 2000లో వచ్చిన బొలెరో నేటికీ తయారవుతోంది. తయారీలో ఉన్న బండికి విడిభాగాలు సులభంగా లభిస్తాయి. కోతల వేళ బండి వారం రోజులు షెడ్డులో నిలిస్తే పని ఆగుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

కాని పేరును మాత్రమే నమ్మకండి. ఫ్రేము తుప్పు పట్టి, వెల్డింగు అతుకులు పడిన బొలెరో కన్నా శ్రద్ధగా వాడిన సుమో నయం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి పొగ గమనించండి. ఛాసిస్ నంబరును ఆర్.సి.తో సరిచూడండి. బండిపై పాత ఋణం ఉంటే, అది తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రాన్ని, ఫారం 35ను తప్పక తీసుకోండి.

సొంత వాడకపు వాహనానికి తొలి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలే. ఆ పిదప తనిఖీలో యోగ్యమని తేలితేనే మరి 5 సంవత్సరాలకు పొడిగిస్తారు. 12 ఏళ్ల బండికి 5 ఏళ్ల ఋణం తీసుకుంటే, చివరి 2 ఏళ్లు రోడ్డెక్కని బండికి వాయిదాలు కట్టవలసి రావచ్చు. ఈ సంగతి కొనుగోలుదారుకు ముందే తెలపడం డీలర్ల ధర్మం. ఋణ గడువును మిగిలిన రిజిస్ట్రేషను కాలానికి లోబడి నిర్ణయించుకోవడం మీకు క్షేమం.