ఓడదొంగ పేరు మార్చినంత మాత్రమున

ధనికుని విహారమునకై కట్టిన నౌక యొకటి యుద్ధనౌకయైన కథను అమెరికా గ్రంథకర్తలు మిక్కిలి మురిపెముతో చెప్పుకొందురు. విలాసవస్తువు దేశసేవకు వినియోగపడెననియు, చిన్నయోడ పెద్దకార్యము చేసెననియు వారి పొగడ్త. అందు కొంత నిజము లేకపోలేదు. కాని వారు కథను ముగించుచోటనే మేము మొదలుపెట్టవలసియున్నది.

న్యూయార్కు షావుకారగు జె. పియర్‌పాంట్ మార్గను 1891లో ఫిలడెల్ఫియాయందు ఒక యావిరినౌకను కట్టించుకొనెను. దానికాయన పెట్టుకొన్న పేరు ‘కోర్సెయిర్’. తెనుగున ఓడదొంగ యని యర్థము. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవునందు ‘మెయిన్’ అను అమెరికా యుద్ధనౌక ప్రేలి 260 మందికి పైగా మడిసిరి. స్పెయిన్ చేసిన పనియే యని రుజువు లేకున్నను పత్రికలు కేకలువేసెను. ఏప్రిలులో యుద్ధము వచ్చెను. నౌకాదళమువారు మార్గను నౌకను కొని, ఫిరంగుల నెక్కించి, ‘గ్లాస్టర్’ అని పేరు మార్చి, ‘మెయిన్’ నుండి ప్రాణములతో బయటపడిన రిచర్డు వెయిన్‌రైట్ చేతి కిచ్చిరి.

జూలై 3న శాంటియాగో రేవునుండి స్పెయిన్ దళము వెలువడినపుడు ఈ పలుచని విహారనౌక ‘ఫ్యూరర్’, ‘ప్లూటాన్’ అను రెండు డిస్ట్రాయరులపై విరుచుకుపడి వానిని రూపుమాపుటలో ముఖ్యపాత్ర వహించెను. యుద్ధానంతరము మునుగుచున్న శత్రువులను నీటినుండి తీసి, నౌకాధిపతియగు సెర్వేరాను గౌరవముతో తనపై నెక్కించుకొనెను. శౌర్యమును, దయను మేము కాదనము. ఎవరిదైనను శౌర్యము శౌర్యమే.

ఇంక రెండవ యంకము. అదే జూలై 25న అదే ‘గ్లాస్టర్’ ప్యూర్టోరికో ద్వీపమునందలి గ్వానికా రేవున ప్రవేశించి, కొలదిమంది నావికులను దింపి, స్పెయిన్ జెండాను దింపించి అమెరికా జెండాను ఎగురవేసెను. వెనువెంటనే సేనాని మైల్సు సైన్యము దిగెను. మీకు స్వేచ్ఛ తెచ్చితిమని ప్రకటనలు వెలువడెను. పాఠకులు ఒక్క విషయమును గమనింతురుగాక! ద్వీపవాసులు దీర్ఘకాలము పోరాడి 1897 నవంబరులో స్పెయినువలన స్వపరిపాలనాశాసనమును సంపాదించియుండిరి. వారి శాసనసభ 1898 జూలై 17న సమావేశమైనది. ఎనిమిది దినములకే విమోచకులు వచ్చిరి! సభ పోయెను, సైనికాధికారి వచ్చెను. తలుపు తెరచుకొన్నవాని యింటికి తలుపు పగులగొట్టుకొని వచ్చి, నిన్ను చెరనుండి విడిపించితిని అనుట ఎట్టి న్యాయము?

డిసెంబరు 10న పారిస్‌లో సంధి జరిగినది. ఫిలిప్పీను దీవులకు 2 కోట్ల డాలర్లు చెల్లించిరి. ప్యూర్టోరికోకు వెలయైనను కట్టలేదు. ఆ దస్తావేజుపై ఇచ్చినవాడు వ్రాలు చేసెను, పుచ్చుకొన్నవాడు వ్రాలు చేసెను. చేతులు మారినవాని వ్రాలు మాత్రము లేదు. ఆ దీవుల ప్రజల పౌరహక్కులను, రాజకీయస్థితిని అమెరికా కాంగ్రెసు నిర్ణయించునని అందే వ్రాసికొనిరి. ఇట్టి దస్తావేజులు ఆంధ్రులకు క్రొత్తవి కావు. 1766లో సర్కారు జిల్లాలును, 1800లో దత్తమండలములును నిజాము చేతినుండి కుంపిణీ చేతికి పోయినపుడు మన తాతముత్తాతల నడిగినవా డెవడు?

బాటలు వేసితిమి, బడులు పెట్టితిమి, 1917లో పౌరసత్వమిచ్చితిమి, ఇంకేమి కావలయునని సమాధానము చెప్పుదురు. ఈ మాట మన చెవులకు చిరపరిచితమైనది. రైళ్లను, తంతితీగలను చూపి మనకును ఇదే చెప్పిరి. ఆ పౌరసత్వ మెట్టిది? ద్వీపము అమెరికాకు చెందినదే కాని అమెరికాలో భాగము కాదని 1901లో వారి యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ద్వీపమున నివసించు పౌరుడు అమెరికా అధ్యక్షుని ఎన్నికలో వోటు వేయజాలడు. కాంగ్రెసునకు అతడు పంపు ప్రతినిధికి శాసనములపై తుదివోటు లేదు. యుద్ధములలో ప్రాణమిచ్చుటకు మాత్రము అడ్డు లేదు. 1952లో ద్వీపమునకు రాజ్యాంగమును ప్రకటించుటకై ఎన్నుకొన్న దినము జూలై 25! 2016లో ఋణభారమును సాకుగాగొని, అధ్యక్షుడు నియమించు ఏడుగురు సభ్యుల మండలిని ద్వీపపు ఆదాయవ్యయములపై కూర్చుండబెట్టిరి. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము వ్రాసిన లెక్కను ప్రజలెన్నుకొనని మండలి కొట్టివేయగలదు. దీనిని స్వపరిపాలన యందురా?

ఇది పరాయివారి గొడవ యని పఠనమందిరములలో కొందరు అనవచ్చును. అనరాదు. నేడు వేలకొలది తెలుగువారు సముద్రములు దాటి అమెరికా పౌరులైయున్నారు. గుంటూరులోనో వరంగల్లులోనో పుట్టి న్యూజెర్సీలో పౌరసత్వము పొందిన తెలుగువానికి అధ్యక్షుని ఎన్నుకొను హక్కు కలదు. తాతలనాటినుండి పౌరుడైయున్న పాన్సే పట్టణవాసికి లేదు. ఆ తెలుగువాడే రేపు శాన్‌హ్వాన్‌లో కాపురము పెట్టెనేని అతని హక్కును పోవును! హక్కు మనిషిని కాక మట్టిని పట్టి యుండుటకు ఇంతకన్న నిదర్శన మేమి? ఆ దేశమున వోటుగల మన సోదరులు తమ ప్రతినిధులను ఈ ప్రశ్న అడుగవలెను. స్వరాజ్యపు విలువ ఎరిగిన జాతికి ఇది ధర్మము.

ప్రత్యేకరాజ్యమో, సంపూర్ణరాష్ట్రహోదాయో, ఇప్పటి సంబంధమో యని ద్వీపవాసులు తమలో తాము వాదించుకొనుచునే యున్నారు, పలుమార్లు వోట్లును వేసికొనిరి. ఆ వివాదమున మేము తీర్పరులము కాము. వారు చెప్పిన తీర్పు కాంగ్రెసును కట్టిపడవేయకుండుటయే మా ఫిర్యాదు.

‘గ్లాస్టర్’ 1917లో న్యూయార్కు రేవునకు కావలి కాచి, 1919లో నౌకాదళపు కొలువునుండి విడుదల పొందెను. అది పట్టుకొన్న ద్వీపమునకు మాత్రము విడుదల కాలేదు. ఓడదొంగకు పేరు మార్చుట సులభము. దొంగిలిన సొమ్మును సొంతదారునకు అప్పగించినగాని దొంగతనము మాసిపోదు.