బండికి బరువే బలమా?

యమహా ఆర్‌ఎక్స్ 100 మీద మోజంతా పాత రోజుల బెంగేనని, అసలైన బండి కావాలంటే 350 సీసీ ఎక్కాల్సిందేనని ఇప్పుడు ఎవరిని అడిగినా చెబుతారు. 2018లో అదే పేరుతో సినిమా కూడా వచ్చేసరికి, ఇదంతా కుర్రతనపు జ్ఞాపకమేనని కొట్టిపారేయడం ఇంకా సులువైంది. నేను ఒప్పుకోను.

1985 నుంచి 1996 దాకా ఇక్కడ తయారైన ఆ బండి బరువు సుమారు 103 కిలోలు. ఇంజిన్ 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, శక్తి 20 హార్స్‌పవర్. కిలోకు ఎంత అని భాగిస్తే రెండూ దాదాపు సమానం. మనిషి బరువు కూడా కలిపితే పెద్ద బండిదే పైచేయి, నిజమే. కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ అదనపు తొంభై కిలోలనూ తిప్పాల్సింది మన చేతులే.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దాటి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లోకి వెళ్లండి. హాస్టళ్ల ముందు బండ్లు హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించి ఉంటాయి. ఆర్‌ఎక్స్ అయితే వెనక సీటు కింద పట్టుకుని కాస్త ఎత్తి పక్కకు జరిపేస్తాం. పెద్ద బండికి ఇంకొకరి సాయం కావాలి. ఇక నారాయణగూడ సిగ్నల్ దగ్గర, బస్సుకూ ఆటోకూ మధ్య, బండికి కావాల్సింది వెంటనే అందుకునే పికప్.

ఆ పికప్ ఎక్కణ్నుంచి వచ్చింది? ఫోర్-స్ట్రోక్‌లో క్రాంక్ రెండుసార్లు తిరిగితే ఒకసారి పెట్రోల్ మండుతుంది. ఆర్‌ఎక్స్ లాంటి టూ-స్ట్రోక్‌లో తిరిగిన ప్రతిసారీ మండుతుంది. పైన వాల్వుల్లేవు, వాటిని ఆడించే క్యామ్ లేదు. మొరాయిస్తే ప్లగ్ ఊడదీసి, మొనకు పట్టిన నల్లటి కార్బన్‌ను ఎమ్రీ పేపర్‌తో గీకి బిగిస్తే చాలాసార్లు మళ్లీ కిక్కుకు అందుకుంటుంది. బండివాడికి తన బండి ఇంతగా తెలియడం చిన్న విషయం కాదు.

పొగ సంగతి దాచను. పెట్రోల్‌తోపాటు ఆయిల్ మండటం, కాలని పెట్రోల్ కొంత సైలెన్సర్‌లోంచి పోవడం టూ-స్ట్రోక్ గుణం. ఆ ఇంజిన్ ఆగిపోవడం న్యాయమే. డిస్కు బ్రేకు లేకపోవడమూ లోపమే. వాటిలో ఏదీ తేలికదనం చేసిన తప్పు కాదు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కారు 700 కిలోల లోపే, 1989 నాటి మాజ్డా ఎమ్ఎక్స్-5 టన్ను లోపే. రెండూ ఫోర్-స్ట్రోక్‌లే, రెండింటినీ నడిపినవాళ్లు ఇప్పటికీ తలుచుకునేది ఆ తేలికదనాన్నే.

కాబట్టి కొత్త బండి కొనబోయే కుర్రాళ్లు షోరూమ్‌లో ఇంకో యాభై సీసీ, ఇంకో స్క్రీన్ అడగడం మానాలి. నూరు కిలోల చుట్టూ ఉండే, పొగ లేని, గట్టి బ్రేకులున్న బండి ఎందుకు చేయరని అడగాలి.