వట్టిపోయిన గేదెని అమ్మాలా, ఉంచుకోవాలా?

ఆమధ్య సంక్రాంతికి తణుకు వెళ్ళాను. భోజనాలయ్యాక మావయ్య గారింటి అరుగు మీద కూర్చుంటే మా బావ షమీ సంగతి ఎత్తాడు. వాడు సన్‌రైజర్స్ వీరాభిమాని. ఉప్పల్లో మ్యాచ్ ఉందంటే రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చేసే రకం.

"పది కోట్లు పోసి కొన్నారు. ఒక్క ఏడాది ఆడించి లక్నో వాళ్ళకి ఇచ్చేశారు. ఇదేం పద్ధతిరా?" అని వాడి బాధ.

"ఇచ్చెయ్యక? తొమ్మిది మ్యాచుల్లో ఆరు వికెట్లు. దానికి పది కోట్లా?" అని నేను.

మావయ్య అంతవరకూ వక్కపొడి నములుతూ వింటున్నారు. ఆయనకి క్రికెట్ పెద్దగా పట్టదు గానీ పాడి బాగా తెలుసు. పెరట్లో ఒకప్పుడు ఆరు గేదెలుండేవి, ఇప్పుడు ఒక్కటే ఉంది.

"ఒరే అబ్బాయ్, చూడి గేదె ఈనడానికి రెండు నెలల ముందు వట్టిపోద్ది. అప్పుడు సంతకి తోలేసేవాడు వెర్రివాడు. ఈతలన్నీ అయిపోయి వట్టిపోయినదాన్ని కట్టేసుకుని మేపేవాడు ఇంకా వెర్రివాడు. పైకి చూస్తే రెండూ ఒకటే. చెంబులో పాలుండవు, అంతే" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆటగాళ్ళని గేదెలతో పోల్చినందుకు అభిమానులు మన్నించాలి :) కానీ ఓడిపోతున్న జట్టు ఒక ఖరీదైన సీనియర్‌ని వదిలించుకోవాలా వద్దా అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. మనం ఎప్పుడూ చెంబు చూసి తీర్పు చెప్పేస్తాం. పాలు ఎందుకు తగ్గాయో అడగం.

హైదరాబాద్ జట్టుకి ఇది కొత్త సమస్య కాదు. 2021లో వార్నర్ విషయం గుర్తుందా? అప్పటికి అతని జీతం సుమారు 12 కోట్లు. 2015, 2017, 2019.. మూడుసార్లు ఆరెంజ్ క్యాప్. 2016లో 848 పరుగులు చేసి కెప్టెన్‌గా కప్పు తెచ్చాడు. బుట్టబొమ్మ పాటకి ఇంటిల్లిపాదితో డాన్సు చేసి తెలుగువాళ్ళ ఇంట్లో అల్లుడైపోయాడు. అలాంటివాడు 2021లో తడబడ్డాడు. మొదటి ఆరు మ్యాచుల్లో జట్టు గెలిచింది ఒక్కటి. మే 1న కెప్టెన్సీ తీసేశారు, మర్నాడు జట్టులోంచే తీసేశారు. కోవిడ్ వల్ల ఆగిన టోర్నీ సెప్టెంబరులో దుబాయ్‌లో మళ్ళీ మొదలయ్యాక రెండు మ్యాచులిచ్చి మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ ఏడాది మొత్తం మీద 8 మ్యాచులు, 195 పరుగులు.

సరే, చెంబులో పాలు లేవు. ఒప్పుకుందాం. కానీ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేశాక జట్టు ఏం సాధించింది? మిగతా ఎనిమిది మ్యాచుల్లో రెండు గెలిచింది. చివరి స్థానం.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఐపీఎల్‌లో సీజన్ మధ్యలో ఒకణ్ణి బెంచి మీద కూర్చోబెడితే పైసా మిగలదు. జీతం ఇవ్వాల్సిందే. ఆ డబ్బుతో ఇంకొకణ్ణి కొనాలంటే సీజన్ అయ్యాక అతన్ని వదిలెయ్యాలి, లేదా వేరే జట్టుకి ట్రేడ్ చెయ్యాలి. అంటే 12 కోట్లూ ఖర్చయ్యాయి, ఆడేవాడూ లేడు. "ఇంత డబ్బు తీసుకుని ఆడడా?" అన్న కోపం తీర్చుకోవడమే తప్ప అందులో వ్యాపారం నాకు కనపడలేదు.

అతను నిజంగా అయిపోయాడా? అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అయ్యాడు. ఆస్ట్రేలియా కప్పు గెలిచింది. ఫైనల్లో ఓడిన న్యూజిలాండ్ కెప్టెన్ ఎవరనుకున్నారు? మన జట్టులో వార్నర్ స్థానంలో కెప్టెన్ చేసిన విలియమ్సనే! మర్నాడు మావయ్యకి ఈ సంగతి చెబితే "చూడి గేదెని అమ్మేశార్రా" అన్నారు.

అయితే వార్నర్‌ని వదలడమే తప్పని నేను అనను. 2022 వేలంలో ఢిల్లీ అతన్ని 6.25 కోట్లకి కొనుక్కుంది. అంటే బజారు ధర పాత జీతంలో దాదాపు సగం. కాబట్టి పాత ధరకి అట్టేపెట్టుకోనక్కర్లేదు, నిజమే. కానీ ఆ సగం ధరకి మనం కూడా కొనుక్కోవచ్చుగా? బదులు ఏం చేశారంటే, విలియమ్సన్‌ని 14 కోట్లకి అట్టేపెట్టుకున్నారు. రషీద్ ఖాన్ గుజరాత్ వెళ్ళిపోయాడు. 2022లో విలియమ్సన్ 13 మ్యాచుల్లో 216 పరుగులు చేశాడు, వార్నర్ ఢిల్లీకి 432 చేశాడు. మే 5న మన మీదే 92 నాటౌట్. మన జట్టు పదింట్లో ఎనిమిదోది. ఆ తర్వాత విలియమ్సన్‌నీ వదిలేశారు, గుజరాత్ 2 కోట్లకి తీసుకుంది. ఒక పేరు తీసేసి అదే చెక్కు మీద ఇంకో పేరు రాస్తే దాన్ని మార్పు అనరు.

పోనీ ఖరీదే తప్పా? అదీ కాదు. 2023 డిసెంబరులో కమిన్స్‌కి 20.5 కోట్లు పెడితే అందరూ నవ్వారు. 2024లో జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. పోనీ వయసా? 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండు గెలిచి అట్టడుగున పడింది. మర్నాటి ఏడాది కప్పు తెచ్చింది ఎవరు? అంతర్జాతీయ క్రికెట్ నుంచి రిటైరైపోయిన 37 ఏళ్ళ గిల్‌క్రిస్ట్. కెప్టెన్‌గా 495 పరుగులు. మొదటి ఏడాది ఓడిపోయాక "ముసలాళ్ళని పంపెయ్యండి" అన్నవాళ్ళ మాట విని ఉంటే హైదరాబాద్‌కి ఆ కప్పు లేదు.

అదే డెక్కన్ వాళ్ళు 2011 వేలానికి ముందు ఒక్కణ్ణి కూడా అట్టేపెట్టుకోలేదు. గిల్‌క్రిస్ట్ పోయాడు, సైమండ్స్ పోయాడు, లక్ష్మణ్ కొచ్చి జట్టుకి పోయాడు. వాళ్ళతోపాటు 23 ఏళ్ళ రోహిత్ శర్మ కూడా ముంబై పోయాడు! ఆ తర్వాత రెండేళ్ళు ఏడో స్థానం, ఎనిమిదో స్థానం. 2012లో జట్టే పోయింది. కొట్టం మొత్తం ఖాళీ చేసినవాడికి పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అమెరికాలో ఉన్న మిత్రులకి బేస్‌బాల్ ట్రేడ్‌లు తెలిసే ఉంటాయి. 2023లో న్యూయార్క్ మెట్స్ ఓడిపోతూ ఉంటే 40 ఏళ్ళ వెర్లాండర్‌ని సీజన్ మధ్యలోనే హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. అతని జీతంలో పెద్ద వాటా తనే భరిస్తూ బదులుగా ఇద్దరు కుర్రాళ్ళని తీసుకుంది. అక్కడ లెక్క స్పష్టం. ఈ ఏడాది పోయింది, రాబోయే ఏళ్ళు కొనుక్కుందాం అని. ఇచ్చేది ఏమిటి, వచ్చేది ఏమిటి అన్నది ఇద్దరికీ తెలుసు.

ఆ కొలతతో చూస్తే షమీ విషయంలో నేను బావతో ఏకీభవించను. 2023 ప్రపంచకప్‌లో 24 వికెట్లు తీసిన బౌలరే, కాదనను. కానీ ఆ తర్వాత మడమకి ఆపరేషన్, ఏడాది పాటు ఆటకి దూరం. 2025లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ట్రేడ్ నాటికి వయసు 35. అన్నిటికంటే ముఖ్యం, లక్నో వాళ్ళు పూర్తి పది కోట్లూ ఇస్తామన్నారు. కొన్న ధరకే అడిగేవాడొస్తే, గాయం రిస్కు కూడా వాడే తీసుకుంటానంటే, ఇవ్వడమే న్యాయం. లక్నోలో అతను ఎంత బాగా ఆడినా ఆ నిర్ణయం తప్పైపోదు. నిర్ణయాన్ని ఆనాడు తెలిసిన సంగతుల్ని బట్టే తూచాలి.

ఇది ఒక్క క్రికెట్ గురించే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

మూడేళ్ళ కిందట నేను పనిచేసే చోట ప్రాజెక్టు ఖర్చు తగ్గించమన్నారు. నేను చేసిందేమిటంటే, ఎక్సెల్ షీటు తెరిచి జీతాల కాలమ్‌ని పెద్దది పైకొచ్చేలా సార్ట్ చేశాను. మొదటి వరుసలో ఒక సీనియర్. 19 ఏళ్ళ అనుభవం. రెండు క్వార్టర్లుగా ఆయన మూసిన టికెట్లు తక్కువ. పేరు రాసి పంపేశాను. ఎందుకు తగ్గాయండీ అని ఆయన్ని ఒక్క మాట అడగలేదు. పక్క క్యూబికల్లో ఉండే మనిషికి పది నిమిషాల ఫోన్ కాల్‌లో చెప్పించాను. ఎదురుగా వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఆయన వెళ్ళిపోయిన నెలకి మా కుర్రాళ్ళు నలుగురూ ఒకేసారి చతికిలబడ్డారు. అప్పుడు తెలిసింది, రోజూ పొద్దున మూడు గంటలు ఆయన వాళ్ళ కోడే చూస్తూ కూర్చునేవారట. ఆ పనికి షీటులో కాలమ్ లేదు. ఆయన పాలు తగ్గలేదు, దూడలు తాగుతున్నాయి. అంతే తేడా.

వార్నర్‌ని చివర్లో స్టాండ్స్‌లో కూర్చోబెట్టారని, అక్కణ్ణుంచే జట్టు జెండా ఊపాడని ఆనాడు ఆవేశపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. నేను చేసిన పని మాత్రం అంతకంటే గొప్పదేం కాదు. ఆయనకి ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెయ్యలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. ఖరీదైన సీనియర్‌ని వదలకూడదని శాస్త్రమేమీ లేదు. కానీ వదిలేముందు మూడు అడగాలి. పాలు ఎందుకు తగ్గాయి? ఇతను పోతే ఆ డబ్బుతో ఎవరిని తెస్తున్నాం, పేరు చెప్పగలమా? మనిషికి మొహం చూసి చెప్పగలమా? మూడింటికీ జవాబుంటే ధైర్యంగా పంపెయ్యొచ్చు. షమీకి మొదటి రెండిటికీ కాస్తో కూస్తో జవాబుంది. వార్నర్‌కి ఒక్కదానికీ లేదు. నా షీటులో మొదటి వరుస మనిషికీ లేదు.

బావకి ఇదంతా చెబితే "నువ్వెన్ని చెప్పు, వార్నర్ వార్నరేరా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అన్నట్టు, ఇప్పుడు నాకు 44. మొన్న వేరే పని మీద అదే షీటు తెరిచి సార్ట్ చేస్తే మొదటి వరుసలో నా పేరే ఉంది. ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను :)